పురుగు ఏదో చూడకుండా విషం చల్లిస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలైనప్పటి నుంచి బతుకమ్మ పండుగ దాకా హైదరాబాద్‌లో ఇళ్ల ముందూ మిద్దెల మీదా పెంచుకునే బంతి, చామంతి, గులాబీ మొక్కలకు లద్దె పురుగుల బెడద తప్పదు. ఆకులన్నీ కంతలు పడటం చూసి కంగారుగా వచ్చేవారికి కొన్ని నర్సరీలలో పేరూ చీటీ లేని సీసాలలో మందు పోసి అమ్ముతున్నారు. మా కాలనీ దగ్గరి నర్సరీలో అదేం మందని అడిగితే, ‘ఏ పురుగుకైనా ఇదే కొట్టండి’ అన్నారే గానీ పేరు చెప్పలేదు. 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం మొక్కల పురుగుమందు అమ్మడానికి లైసెన్సు ఉండాలి. డబ్బా మీద మందు పేరు, విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండి తీరాలి. పిల్లలు ఒళ్లో పోసుకుని బతుకమ్మకు అందించే పూల మీద ఏ విషం పడిందో తల్లిదండ్రులకు తెలియకపోవడం ఎంతమాత్రం సహించరాని విషయం.

నిజానికి ఈ పురుగులలో చాలావాటిని కంటితోనే పోల్చుకోవచ్చు. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కపురుగు ఆకు మీద గుడ్లను కుప్పగా పెట్టి గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగులు గుంపుగా చేరి పచ్చదనాన్ని గీకి తినేసరికి ఆకు జల్లెడలా మిగులుతుంది. అప్పుడే ఆ ఆకును తుంచి సబ్బునీళ్లలో వేస్తే వందలాది పురుగులు ఒక్కసారిగా పోతాయి. ఆ దశ దాటాక అవి పగలు మట్టిలోనూ కుండీల కిందా దాక్కుని రాత్రిపూట మేస్తాయి కనుక, పట్టపగలు చల్లిన మందు కంటే చీకటి పడ్డాక టార్చి వెలుగులో ఏరడమే మేలు. మొగ్గకు గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని తినేది శనగపచ్చ పురుగు. నందివర్ధనం, గన్నేరు మీద వేలంత లావున, తోక దగ్గర కొమ్ముతో, తల వెనుక నీలి కళ్లలాంటి మచ్చలతో కనిపించేది భయపెట్టినా కుట్టదు; చేత్తో తీసేయవచ్చు. బొచ్చున్న గొంగళి పురుగులను మాత్రం చేత్తో ముట్టుకుంటే దద్దుర్లు వస్తాయి. కరివేపాకు మీద పిట్టరెట్టలా మొదలై పచ్చగా ఎదిగేది సీతాకోకచిలుక పిల్ల. దానికి నాలుగు ఆకులు వదిలేయాలనే నేనంటాను.

ఏరినా అదుపు కాకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి, సాయంత్రం ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లాలి. పురుగులను చంపే ఒక రకం బ్యాక్టీరియాతో తయారయ్యే బీటీ మందు కూడా పనిచేస్తుంది, కానీ పురుగు దాన్ని తినాలి. అందుకే చిన్న పురుగుల మీదే దాని ప్రభావం ఎక్కువ.

వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రెండూ రాజేంద్రనగర్‌లోనే ఉన్న నగరం మనది. వాటి సాయంతో ఉద్యానశాఖ, నగరపాలక సంస్థ కలిసి వానాకాలంలో వారానికి ఒక పూటైనా వార్డు కార్యాలయాల్లో, పెద్ద పార్కుల్లో పురుగు పట్టిన ఆకు తెచ్చినవారికి అదేమిటో చెప్పే ఏర్పాటు చేయాలి. వ్యవసాయశాఖ అధికారులు పండుగకు ముందే నర్సరీలను తనిఖీ చేసి, చీటీ లేని సీసాల అమ్మకాన్ని ఆపించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్