పాత తలుపులు భోగి మంటకు కావు

సంపాదకులకు,

కోనసీమలో మండువా లోగిళ్ళకు కొత్త కళ తెస్తున్నారంటూ మీరు ఆదివారం వేసిన ఫొటోలు కన్నులపండువగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం కంగారు పెట్టింది. అరుగు మీద పడుకోబెట్టిన టేకు తలుపును పెయింటరు గ్రైండరుతో గీకుతున్నాడు, మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు, నాలుగడుగుల దూరంలో పిల్లల ఉయ్యాల వేలాడుతోంది. పాత ఇళ్ళ మరమ్మతు పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఆ పొడిలో ఉండే సీసం (లెడ్ అనే విషలోహం) గురించి రాయక తప్పడం లేదు.

సున్నం గోడలతో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా నూనె రంగుతోనే. తలుపులు, ద్వారబంధాలు, కిటికీ ఊచలు, మెట్ల కమ్మీలు, వంటింట్లో నడుమెత్తున కొట్టిన ఆయిల్ పెయింటు, ఇవీ చూసుకోవలసినవి. పాత ఎనామిల్ రంగుల్లోకి సీసం ముఖ్యంగా మూడు దారుల్లో వచ్చేది: పసుపు, నారింజ, ఆకుపచ్చ ఛాయల కోసం వాడే లెడ్ క్రోమేటు, ఇనుము తుప్పు పట్టకుండా తొలిపూతగా వేసే రెడ్ లెడ్, రంగు త్వరగా ఆరడానికి కలిపే డ్రయ్యర్లు. ఆ లెక్కన ఇంట్లో అన్నిటికంటే అనుమానించాల్సింది గడపను. రోజూ పసుపు రాసే ఓపిక లేక పసుపుపచ్చ ఎనామిల్ కొట్టి, పైన ఎర్రబొట్లు పెట్టేస్తాం. ఏటా సంక్రాంతికి ఒక పూత పడుతూ వచ్చిన గడపను అడ్డంగా కోసి చూస్తే రంగు రొట్టెముక్కలా మందంగా ఉంటుంది. కాలి రాపిడికి నిత్యం అరిగేది అదే, పాకే పిల్ల చెయ్యి ముందు పడేదీ దానిమీదే.

రెడ్ ఆక్సైడునూ రెడ్ లెడ్‌నూ కలిపి మాట్లాడేవాళ్ళున్నారు. రెడ్ ఆక్సైడు ఇటుక రంగు, అది ఇనుము తాలూకు పదార్థం. రెడ్ లెడ్ నారింజ కలిసిన ఎరుపు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపు ఇళ్ళలో ఊచలు గీకుతుంటే అడుగున ఆ నారింజ పొర తేలిందా, ఇనుప బ్రష్షు అక్కడే ఆపేయాలి.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే కిలోకు 90 మిల్లీగ్రాములు, దాటకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన నూనె రంగులో సీసం ఉందనుకునే పనిలో దిగాలి. అటక మీది పాత డబ్బాలదీ అదే సంగతి. ఆ నిబంధన ఇళ్ళకు వేసే రంగులకే వర్తిస్తుంది. మిల్లు యంత్రానికో ట్రాక్టరుకో వేయగా మిగిలిన పారిశ్రామిక రంగును ‘గట్టిగా ఉంటుంది’ అని కిటికీలకు కొట్టకండి.

గీకితే ఎంత సీసం లేస్తుందో లెక్క చూద్దాం. చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము సీసం ఉన్న తలుపు మీద ఒక్క చదరపు అడుగు రంగును పొడిచేసి పది బై పది గదిలో పరిస్తే, నేల మీద ప్రతి చదరపు అడుగుకూ 9,000 మైక్రోగ్రాములకు పైగా పడుతుంది. ఇళ్ళలో నేల మీద దుమ్ముకు అమెరికా 2019లో పెట్టిన హద్దు చదరపు అడుగుకు 10 మైక్రోగ్రాములు, తరవాత దాన్ని ఇంకా తగ్గించారు. మింగిన సీసాన్ని పసిపిల్లల ఒళ్ళు పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది అసలు గీకాలా వద్దా అన్నది. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే గీకొద్దు. సబ్బునీళ్ళతో కడిగి, 220 నంబరు వాటర్ పేపరుతో తడి మీద మెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమరు, దానిమీద రెండు పూతలు వేస్తే పాత సీసం అడుగునే ఉండిపోతుంది. గడపకు ఈ పని నిలవదు, తొక్కుడుకు ఊడిపోతుంది. దానికి రంగు తీయించాలి, లేదా పూర్తిగా కప్పేలా ఇత్తడి రేకు తొడిగించాలి. వానాకాలం ఉబ్బి బిగుసుకునే తలుపులు ఇంకో చిక్కు. వడ్రంగి వచ్చీరాగానే అంచు చిత్రిక పడతాడు, ఆ పొట్టులో పూతలన్నీ ఉంటాయి. చాలాసార్లు తప్పు చెక్కది కాదు, వదులైన పై బందుది. ముందు బందు మరలు బిగించి చూడండి. అప్పటికీ రాసుకుంటుంటే తలుపు దించి, అంచు తడిపి, ప్లాస్టిక్ షీటు మీద పెట్టి చిత్రిక పట్టించండి.

చెక్క కళ కనిపించేలా పాలిష్ కావాలంటే రంగు పూర్తిగా తీయక తప్పదు. బ్లో ల్యాంపుతో కాల్చడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, సీసం పొగై ఊపిరితిత్తుల్లోకే పోతుంది. హీట్ గన్నుకైనా అమెరికా నిబంధన 593 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వదు. గాలి ఆడే పంచలో పెయింట్ రిమూవరు మందంగా పట్టించి, పైన పాలిథిన్ కప్పి, డబ్బా మీద రాసినంతసేపు నాననిచ్చి, పట్టీతో (స్క్రేపరుతో) ముద్దగా తీయడం మేలు. మూసిన గదిలో ఆ ఆవిరి ప్రమాదం, దానికి ఎన్95 మాస్కు అడ్డు రాదు. కాస్టిక్ సోడా చవకే, కానీ టేకును నల్లబరుస్తుంది, పాత అతుకుల జిగురును వదులు చేస్తుంది. మిగిలిన మరకలు 120 నంబరు వాటర్ పేపరుతో, నీళ్ళు చల్లుతూ తీయాలి.

పని జరిగేచోట 150 మైక్రాన్లకు తగ్గని ప్లాస్టిక్ షీటు, ఇంట్లో అయితే పనికి అన్నివైపులా ఆరడుగులు, బయట పదడుగులు పరవాలి. మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే ధాన్యం ఆరబోసే బరకం తెచ్చి పరిచేస్తారు. పని కాగానే దులిపి మళ్ళీ కళ్ళంలో వేస్తారు. ఆ బరకం ఈ పనికి ముట్టుకోవద్దు. గాలి రేగితే పని ఆపాలి. పెయింటరుకు తువ్వాలు చాలదు, ముఖానికి అతుక్కునే ఎన్95 కావాలి. చేతులు కడగకుండా బీడీ, టీ వద్దు. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు.

సాయంత్రం చీపురు పట్టారంటే పగలంతా పడ్డ జాగ్రత్త వృథా. సన్నపొడి మళ్ళీ గాల్లోకి లేస్తుంది, మామూలు వాక్యూమ్ వెనకవైపు నుంచి ఊదేస్తుంది. షీటును తడిపి లోపలికి మడిచి సంచిలో కట్టి, నేలను రెండు బకెట్లతో తుడవాలి, ఒకటి సబ్బునీళ్ళకు, ఇంకోటి గుడ్డ జాడించడానికి. పాత గచ్చు పగుళ్ళలో దుమ్ము దాక్కుంటుంది, అక్కడ రెండోసారీ మూడోసారీ తుడవాలి. ఆ నీళ్ళు మండువాలో పోస్తే తూములోంచి నేరుగా దొడ్లో తోటకూర మడిలోకి పోతాయి. పెచ్చులు గోడవార వదిలేస్తే కోళ్ళు ఏరుకుంటాయి.

ఇక భోగి. పాత చెక్క మంటలో వేయడం ఆచారమే, కాదనం. రంగు వేసిన చెక్క మాత్రం వద్దు. పిల్లలు చలి కాచుకునే చోట సీసం పొగ, తెల్లారాక సీసం బూడిద. ఆ బూడిదను వంగపాదులకు వేస్తారు, అంట్లు తోమడానికి ఎత్తి పెడతారు. విరిగిన కిటికీ రెక్కలను నీళ్ళకాగు కింద పెట్టడమూ ఇంతే.

మన ఇళ్ళకు ఎప్పుడు రంగులు వేయిస్తామో గమనించండి. పండక్కి, పెళ్ళికి, అమ్మాయి కానుపుకు వచ్చే ముందు. గర్భిణి ఒంట్లో చేరిన సీసం మావి దాటి బిడ్డకు చేరుతుంది. ఆమె ఎముకల్లో ఎప్పటిదో ఉన్న సీసం కూడా అప్పుడే కరిగి రక్తంలోకి వస్తుంది. కాబట్టి గీకుడు పనంతా అమ్మాయి బండి దిగకముందే అయిపోవాలి, ఇల్లు తుడవడం కూడా. పని మధ్యలో వచ్చిందా, పిల్లలతో సహా చుట్టాలింట్లో ఉంచండి. పొడి పీల్చిన పిల్లలకు ఏ లక్షణమూ కనబడకపోవచ్చు, నరం నుంచి తీసిన రక్తంలో సీసం పరీక్షే దారి. రక్తం డెసిలీటరుకు (వంద మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు, అంతకు మించితే సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకు తక్కువైతే భయం లేదనీ అనలేదు.

పెయింటర్లను తిట్టి లాభం లేదు. చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇస్తే ఎవరైనా గ్రైండరే పడతారు, తడి పనికి రెట్టింపు పొద్దు పడుతుంది. గీకుడు వరకు రోజుకూలీకి మాట్లాడుకోండి, మాస్కులు ఇంటివాళ్ళే కొనండి. జిల్లా అధికారులను అడిగేది ఒకటుంది. పాత రంగు పెచ్చు తెచ్చిస్తే సీసం ఎంతుందో చెప్పే ఏర్పాటు కాకినాడ, అమలాపురం, భీమవరంలో ఒక్కో ఇంజనీరింగ్ కళాశాలలోనైనా పెట్టించండి. అన్ని పూతలూ వచ్చేలా, చెక్క రాకుండా తీసిన రెండంగుళాల పెచ్చు చాలు.

ఇట్లు,
పాత ఇళ్ళ మరమ్మతు పనివారు,
అమలాపురం