క్లాక్ సంగతి

బిడ్డా సౌమ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నబాపు ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, అమ్మ సకినాలు పంపుతోంది. డబ్బా మూత గట్టిగా పెట్టు, లేకుంటే మెత్తబడతాయి. పోయినసారి నిన్ను చూసి వచ్చినప్పుడు ఆయనే ఒక మాట మోసుకొచ్చాడు, నువ్వు చెస్ క్లాక్ ఎవరో జూనియర్‌కు ఇచ్చేశావట. ఊరికే అడుగుతున్నా. ఇరవై రోజులుగా ఫోన్ కూడా లేదు, పరీక్షల టెన్షన్ అనుకున్నాం.

మన హనుమకొండ అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్‌లో 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి మన గల్లీ పిల్లలంతా బోర్డు ముందేసుకుని కూర్చుంటున్నారు. సౌమ్యక్క ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఏం చెప్పను? కోనేరు హంపిని చూడు. పాప పుట్టి రెండేళ్లు ఆటకు దూరమైంది. 2019లో మాస్కోలో ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ కొట్టింది, అదీ టైబ్రేక్ మొదటి గేమ్ టైమ్ అయిపోయి ఓడాక. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడింది, 11 రౌండ్లయ్యేసరికి 8.5 పాయింట్లతో మళ్లీ ఆమే. సరే, పాఠాలు చెప్పనని అమ్మకు మాటిచ్చి కూర్చున్నా.

మొన్న కరెంటు పోతే నీ కరీంనగర్ టోర్నీ ఆఖరి రౌండ్ గుర్తొచ్చింది. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఎత్తుకు పది సెకన్లు అదనం. ఆ జగిత్యాల పిల్ల కూడా నీలాగే ఒక్క గేమూ ఓడకుండా వచ్చింది. ఇద్దరికీ సెకన్లే మిగిలాయి. నీ బంటు చివరి గడికి చేరింది, ఇక దాన్ని మంత్రిగా మార్చుకోవాలి, చచ్చిన నీ మంత్రేమో ఆ పిల్ల పిడికిట్లో. పక్కనున్న ఏనుగును మంత్రి బదులు తలకిందులుగా పెట్టి క్లాక్ నొక్కావు. ఆట జడ్జీ, అదే ఆర్బిటర్ వచ్చి, తిరగేసినా ఏనుగు ఏనుగే అన్నాడు. మంత్రయితే ఐమూలగా చెక్ పడేది. ఆ ఒక్క ఎత్తు దొరికి ఆ పిల్ల బంటు మంత్రయింది. క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను మంత్రి అడగొచ్చు, రూల్ ఉంది. నీకు చెప్పాల్సింది నేనే. ఇంట్లో ఏనుగు తిరగేసి ఆడటం నేర్పిందీ నేనే. అయినా బస్సులో హుజూరాబాద్ దాటేదాకా నీతో మాట్లాడలేదు. తర్వాత పల్లీలు కొనిస్తే నువ్వు తినలేదు.

క్లాక్ ఇస్తే ఇచ్చావు, బ్యాటరీలు ఎలాగూ అయిపోయి ఉంటాయి. అందుకే ఇచ్చావని అమ్మతో అన్నా, నమ్మలేదు. రాత్రిళ్లు పెరుగన్నం మానకు. తల తడిగా పడుకోకు.

కరీంనగర్ నుంచి వచ్చిన మర్నాడే చౌరస్తాలో రెండు విడి మంత్రులు కొన్నా, తెల్లదొకటి, నల్లదొకటి. నానమ్మ కళ్లజోడు డబ్బాలో ఉండిపోయాయి. సకినాల కింద పెట్టా, నూనె అంటకుండా కవర్లో చుట్టి. చూసుకో.

మీ బాపు