ఎంతమందిని అడిగారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. "52 శాతం మంది సరే అన్నారు, మెజారిటీ తేలిపోయింది" లాంటి వార్త కనబడితే చాలు, చేతిలోకి పెన్సిల్ వచ్చేస్తుంది. అడిగింది 400 మందినే అయితే, అసలు జనాభాలో సరిగ్గా సగం సగం ఉన్నా శాంపిల్ రెండున్నర శాతం అటూ ఇటూ ఊగడం మామూలే. వచ్చిన తేడా ఆ మామూలు ఊగుడుకు ఎన్ని రెట్లో చెప్పే జెడ్ విలువ ఇక్కడ 0.8 వస్తుంది. 5 శాతం స్థాయిలో, అంటే లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతానికి మించకూడదంటే, అది 1.96 దాటాలి. అంటే ఏమీ తేలలేదన్నమాట. అదే 52 శాతం 2,500 మందిని అడిగితే వచ్చిందనుకోండి, జెడ్ 2 అవుతుంది. అప్పుడు మాట వేరు.

సగటులకూ ఇంతే. ఆమధ్య ఒక విద్యార్థిని, కొత్త పద్ధతిలో చదివితే సగటున 3 మార్కులు పెరిగాయని సంబరంగా నోట్‌బుక్ తెచ్చింది. 25 మంది పిల్లలు, పెరుగుదలలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 12. చిన్న శాంపిల్ సగటులకు జెడ్ బదులు వాడే టి విలువ 1.25 వచ్చింది, పట్టిక ప్రకారం దాటాల్సింది 2.06. పాపం, ముఖం చిన్నబోయింది. "పద్ధతి పనికిరాదని కాదమ్మా, పనికొస్తుందని చెప్పడానికి ఈ ఆధారం చాలదు" అన్నాను. "తేడా ఏమీ లేదు" అనే శూన్య పరికల్పనను కొట్టేయలేకపోవడం వేరు, అది నిజమని తేలడం వేరు. వార్తల్లో ఈ తేడానే మాయమైపోతోంది. వేరియన్స్‌లను (డేటా ఎంత చెదిరి ఉందో చెప్పే కొలతలను) పోల్చే ఎఫ్ పరీక్షకు ఇంకా జాగ్రత్త కావాలి. డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) లేకపోతే అది తప్పుదారి పట్టిస్తుంది.

దయచేసి సర్వే వార్త వేసిన ప్రతిసారీ ఎంతమందిని అడిగారో, వాళ్లను ఎలా ఎంచుకున్నారో ఒక్క వాక్యం చేర్చండి. ఆ కటింగ్‌నే క్లాసులో బోర్డు మీద అంటించి లెక్క చేయిస్తాను.

ఇట్లు,
ఒక స్టాటిస్టిక్స్ లెక్చరర్