ఓపెన్ సోర్స్‌లో తెలుగు లోపాలను మనమే చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో వెబ్ డెవలపర్‌గా పనిచేస్తున్న నేను రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లో డబ్బు పెట్టి కొన్నవి చాలా తక్కువ. సర్వర్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్, కోడ్‌లో మార్పులను భద్రపరచడానికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్, పేజీల తయారీకి రియాక్ట్, ఇవన్నీ ఓపెన్ సోర్సే. వీటి కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఆ మార్పును అందరి కోసం తిరిగి పంపవచ్చు. ఈ మూడో పని మన తెలుగు రాష్ట్రాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చేయవలసినంతగా చేయడం లేదని, దాని నష్టం ముందుగా తెలుగుకే తగులుతోందని నా అభిప్రాయం.

శీర్షిక పొడవెక్కువైతే కొన్ని అక్షరాల తర్వాత కత్తిరించి చివర మూడు చుక్కలు పెట్టే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని (మన ప్రోగ్రామ్‌లో కలుపుకొని వాడుకునే సిద్ధపు కోడ్‌ను) మేము ఒక ప్రాజెక్టులో వాడాము. ఇంగ్లిషులో చక్కగా పనిచేసిన ఆ లైబ్రరీ, తెలుగుకు వచ్చేసరికి ‘రాష్ట్రం’ అన్న మాటను ‘రాష్’ దగ్గర తెంపేసేది. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరమే అయినా, వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ దాని పొడవును 6గా లెక్కిస్తుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం, కంప్యూటర్లలో అన్ని భాషల లిపులకు వాడే యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలు కావడమే దీనికి కారణం. తెలుగు చదవడం రాని ఆ లైబ్రరీ రచయితలను ఇందుకు తప్పుపట్టలేము. సమస్యను వివరించి రాయగానే, పరీక్షించి చూడడానికి మరికొన్ని మాటలు పంపమన్నారు. ‘శాస్త్రి’, ‘కాత్యాయని’, ‘జ్యోత్స్న’ పంపాను. తరువాతి వెర్షన్‌లో సవరణ వచ్చేసింది. డబ్బు కట్టి వాడుతున్న మరో సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి లోపాన్నే చూపిస్తే, ‘మీ ఫిర్యాదు నమోదైంది’ అన్న జవాబు తప్ప ఇంతవరకు ఏమీ రాలేదు.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం కనబడితే చాలు, ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ కోడ్ బయటివారికి అందుబాటులో లేదు కనుక, తెలుగు బాగా తెలిసిన ఇంజినీర్లు సైతం యాపిల్ సవరించేదాకా ఎదురుచూడవలసి వచ్చింది.

అయితే కోడ్ బయట ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారనుకోవడం భ్రమ. లినక్స్‌లో విరివిగా వాడే ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ల పరిమాణం తగ్గించే కంప్రెషన్ సాధనంలోకి, దాని నిర్వహణలో నమ్మకం సంపాదించుకున్న వ్యక్తి రహస్యంగా దొంగదారి చొప్పించిన ఉదంతం 2024 మార్చిలో బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వి చూడబట్టి పెద్ద ప్రమాదం తప్పింది. అంతమంది ఆధారపడిన ఆ సాధనాన్ని అంతకుముందు ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే, అదీ జీతం లేకుండా, నెట్టుకొచ్చాడు.

మన దగ్గర చాలా కంపెనీలు ఓపెన్ సోర్స్‌ను వాడుకోవడానికి చూపే ఉత్సాహాన్ని, ఉద్యోగి ఒక చిన్న సవరణ తిరిగి పంపుతానంటే అనుమతి ఇవ్వడంలో చూపవు. పని వేళల్లోనే లోపాలను నివేదించడానికి, సవరణలు పంపడానికి యాజమాన్యాలు స్పష్టమైన అనుమతి ఇవ్వాలి. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో అమీర్‌పేటలో కొనుక్కొచ్చే ప్రాజెక్టులకు మార్కులు వేసే బదులు, వాడుకలో ఉన్న ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు లోపాన్ని కనిపెట్టి, నిర్వాహకులతో చర్చించి సరిచేసిన విద్యార్థికి ఆ మార్కులు ఇచ్చే విషయాన్ని రెండు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాలు పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ చర్చంతా అందరికీ కనిపించేలా జరుగుతుంది కాబట్టి, పని ఎవరు చేశారో తేల్చుకోవడానికి అధ్యాపకులకు వేరే వైవా కూడా అక్కరలేదు.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
హైదరాబాద్