బోర్డు పాడవలేదు, డ్రైవర్‌లో తప్పుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఆకివీడు దగ్గర పల్లె. నాన్నగారు వనామీ రొయ్య వేస్తారు. నిరుడు చెరువు గట్టు మీద డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కొలిచే మీటర్ పెట్టించాం, ఆక్సిజన్ తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అదే వేస్తుంది. రాత్రంతా నీళ్లలోని పాచి కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున డీవో బాగా పడిపోతుంది, సరిగ్గా ఆ టైములోనే మా మీటర్ తప్పు చెప్పింది. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న కొన్ని రాత్రుల్లో స్క్రీన్ మీద 5.2 అని, ఆక్సిజన్ చాలినంత ఉన్నట్టు, పాత అంకె అలాగే ఉండిపోయేది. ఓ రోజు నాన్నగారు నాలుగింటికి లేచి చూస్తే రొయ్యలు గట్టువారకొచ్చి తేలుతున్నాయి. అప్పటికప్పుడు ఏరియేటర్లు వేశారు కాబట్టి దక్కాయి.

అమ్మినవాళ్లు మీటర్ లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండన్నారు. నేను సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాను, నాకు నమ్మబుద్ధి కాలేదు. లోపల నడిచేది లైనక్స్ కెర్నల్, అంటే మీటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం. సెన్సార్ చిప్‌తో అది మాట్లాడేది ఐటూసీ బస్ (చిప్‌ల మధ్య సమాచారం మోసే తీగల దారి) మీద, 1982లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చినది, ఒక డేటా తీగ, ఒక క్లాక్ తీగ, అంతే. కరెంటు మిణుక్కుమన్నప్పుడు ప్రాసెసర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది, చిప్ సగం చెప్పిన మాట దగ్గరే ఆగి డేటా తీగను కిందికి పట్టుకుని కూర్చుంటుంది. డ్రైవర్ (కెర్నల్‌లో ఈ బస్‌ను నడిపే భాగం) ఎన్నిసార్లు అడిగినా టైమవుటే, జవాబు రాదు. దీనికి మందు ఎప్పటినుంచో ఉన్నదే: క్లాక్ తీగ మీద తొమ్మిది పల్సులు పంపితే చిప్ మిగిలిన బిట్లు చెప్పేసి తీగ వదిలేస్తుంది. కెర్నల్‌లో ఆ పని చేసే ఫంక్షన్ సిద్ధంగా ఉంది, ఈ డ్రైవర్ దాన్ని పిలవడం లేదు. (రీడింగ్ రాకపోయినా పాత అంకె చూపించడం స్క్రీన్ ప్రోగ్రాం తప్పు, అదీ దిద్దాల్సిందే.)

ముప్పై లైన్లు కూడా లేని ఆ మార్పు రాయడానికి ఒక ఆదివారం పట్టింది, సోర్స్ కోడ్ (మనుషులు చదివి మార్చగలిగే అసలు ప్రోగ్రాం రాత) అమ్మినవాళ్ల దగ్గర్నుంచి చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని పెట్టి మీటర్ అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు అడిగితే ఆ కెర్నల్ సోర్స్ ఇచ్చి తీరాలి. ఇది దయ కాదు, షరతు. ఈ సంగతి మా రైతుల్లో ఎవరికీ తెలియదు, దయచేసి మీ వ్యవసాయం పేజీలో రాయండి.

మార్చిన కెర్నల్ వేశాక మెయిన్ స్విచ్ యాభైసార్లు ఆపి వేసి చూశాను, ఒక్కసారీ ఆగలేదు. మార్పును కెర్నల్ మెయింటైనర్లకూ (దాని కోడ్ చూసుకునేవాళ్లకు), అమ్మినవాళ్లకూ పంపాను. పక్క చెరువుల వాళ్లవీ అవే మీటర్లు, వాటిలో ఇంకా పాత కెర్నలే ఉంది. వానలు మొదలైతే మా దగ్గర కరెంటు రాత్రికి నాలుగుసార్లు పోతుంది, ఆలోపే వాళ్లందరికీ అప్‌డేట్ ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు కొడుకు,
ఆకివీడు మండలం