తోరణం కొక్కెం ఇల్లు కట్టేనాడే పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శుభకార్యాలకు ఇళ్లు సింగారించేవాళ్లం, రంగులు వేసేవాళ్లం, వడ్రంగులం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఒక ఇంట్లో ముప్పై నలభై ఏళ్లలో బారసాల, అన్నప్రాసన, ఓణీల వేడుక, పెళ్లి, షష్టిపూర్తి అన్నీ జరుగుతాయి. తోరణం కట్టేది ప్రతిసారీ ఆ గుమ్మానికే. పందిరి వేసేది ఆ వాకిట్లోనే. అయినా ప్రతిసారీ కొత్తగా మేకులు దిగుతాయి, టేపులు అంటుకుంటాయి, తెల్లారేసరికి గోడ పెచ్చులూడుతుంది. ఇల్లు కట్టేటప్పుడే నాలుగైదు చోట్ల కొక్కేలూ గొట్టాలూ పెట్టుకుంటే ఈ నష్టం ఉండదు. ప్లాను గీసేవారు స్విచ్చిబోర్డులు గుర్తించినట్టే వీటినీ కాగితం మీద గుర్తించాలని మా కోరిక.

ముందు గుమ్మం సంగతి. టేకు, మద్ది చెక్కల్లో వగరు ఉంటుంది. అందులోకి ఇనుప మేకో స్టేప్లరు పిన్నో దిగి తడి తగిలితే నల్లటి మరక పడుతుంది. ఆ మరక చెక్క లోపలికి దిగుతుంది, పైపైన గీకితే పోదు. అందుకని ద్వారబంధాన్ని ముట్టుకోకుండా, దాని పై మూలలకు రెండంగుళాల ఎత్తున గోడలో ఇత్తడి కొక్కేలు గానీ స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ రెండు పెట్టించండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఊళ్లలో మామూలు ఇనుము కొద్దికాలానికే తుప్పు కారి గోడ మీద చార దిగుతుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి, 50 మిల్లీమీటర్ల మర బిగించాలి. పైన ప్లాస్టింగే 12 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి పొట్టి మర వేస్తే అది ఇటుక దాకా వెళ్లదు. తడిసిన బంతిపూల దండలు నాలుగు వేలాడేసరికి ప్లాస్టింగు ముక్కతో సహా ఊడి వస్తుంది.

ఉయ్యాలకు ఫ్యాను కొక్కేన్ని వాడకండి. అది కదలకుండా వేలాడే బరువుకోసం పెట్టినది. ఉయ్యాల ఊగుతుంటే ప్రతి ఊపుకూ కొక్కెం మీద లాగుడు అటూ ఇటూ మారుతుంది. స్లాబు వేసేటప్పుడే 12 మిల్లీమీటర్ల ఊచను యూ ఆకారంలో వంచి, రెండు కాళ్లనూ స్లాబు ప్రధాన ఊచల మీదుగా మడిచి కట్టు తీగతో కట్టించండి. బయటకు కనిపించే భాగానికి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు వేయాలి. బారసాలకు ముందు 25 కిలోల బియ్యం బస్తాను కట్టి అరగంట ఊపి చూడండి. కట్టేసిన ఇళ్లలో అయితే స్లాబుకు డ్రిల్లు వేయడం కంటే చెక్క స్టాండు ఉయ్యాలే మేలు. ఉయ్యాల చుట్టూ బెలూన్లు కట్టే అలవాటు ఒకటి వచ్చింది. పగిలిన బెలూను ముక్క, థర్మోకోల్ పలుకు పసివాళ్ల గొంతుకు అడ్డం పడతాయి. బారసాల ఇంట్లో అవి వద్దని మా గట్టి అభిప్రాయం.

వాకిలంతా టైల్సు పరుస్తున్నారు, పందిరి రాటలకు చోటు ఉండటం లేదు. ఇసుక బకెట్లలో నిలబెట్టిన రాటలు గాలి వస్తే ఒరిగిపోతాయి. టైల్సు వేయకముందే నాలుగు మూలలా నాలుగంగుళాల గొట్టం రెండడుగుల లోతున కాంక్రీటులో కూర్చి, పైన మూత పెట్టించండి. గొట్టం అడుగున సిమెంటు వేయకుండా కంకర పోయాలి. లేకపోతే నీళ్లు నిలిచి దోమలు చేరతాయి, వెదురు కుళ్లుతుంది. వెదురు దించాక చుట్టూ చెక్క చీలికలు కొడితే కదలదు. పెళ్లి రాట మాత్రం మట్టిలోనే పాతాలి, నవధాన్యాలు పోయాలి కాబట్టి, మీ పురోహితుడు చెప్పే మూలలో అడుగు చదరం నేల వదిలి, దాని మీద ఊడదీయగల టైలు పెట్టుకోండి. పందిరికి ఉద్దానం నుంచి తెచ్చే కొబ్బరి కమ్మలు చెట్టు కింది వరసలో పండిన మట్టలవే అయ్యుండాలి. పచ్చి మట్టలు నరికితే చెట్టు కాపు తగ్గుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చాక మళ్లీ పెంచుకున్న తోటలవి.

వేదిక వెనక తెర గురించి కాస్త వివరంగా రాయాలి. ఓణీల వేడుకకూ షష్టిపూర్తికీ ఫ్లెక్సీ కట్టి మర్నాడు పారేస్తున్నారు. బీరువాలో ఉన్న చీరలతోనే అంతకంటే అందమైన తెర వస్తుంది, ఒక్క పిన్నూ గుచ్చక్కర్లేదు. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. సరిగ్గా మధ్యలో పట్టుకుని తొమ్మిదడుగుల ఎత్తున ఉన్న అడ్డకర్ర మీద వేస్తే ముందు సగం, వెనక సగం నేల దాకా దిగుతాయి. పన్నా, అంటే వెడల్పు, 45 అంగుళాలు, అంటే మూడు అడుగుల ముప్పావు. పదడుగుల వేదికకు కుచ్చు కనిపించాలంటే ఒకటిన్నర రెట్లు, పదిహేను అడుగుల గుడ్డ కావాలి. నాలుగు చీరలు సరిపోతాయి. పైట ముందువైపు రావాలి. చీర తన బరువుతోనే నిలుస్తుంది. అయితే వెదురు మీద నేరుగా వేస్తే పేళ్లు జరీని పట్టి లాగేస్తాయి. కర్రకు ముందు పాత నూలుగుడ్డ చుట్టి, రెండు చివర్లా కట్టేసి, దాని మీద చీరలు వేయండి.

అమ్మమ్మ పెళ్లి పట్టుచీర, అమ్మది, పిల్లకు కొత్తగా కొన్నది పక్కపక్కన వేస్తే, ఆ తెర ముందు కూర్చున్న పిల్లకు వేరే అలంకారం అక్కర్లేదు. పాత పట్టుచీర వేసేముందు మడతల దగ్గర వెలుతురుకు పట్టి చూడండి. గీతలా పలచబడి కనిపిస్తే దాన్ని వేలాడదీయకూడదు, మడత దగ్గరే చిరుగుతుంది. అలాంటిది వేదిక పక్కన బల్ల మీద పరవండి. తెరకూ కూర్చునే పీటలకూ మధ్య రెండడుగులు వదలాలి. అక్షింతల పసుపు పట్టు మీద పడితే ఇంట్లో ఉతికి పోగొట్టగలిగేది కాదు. హాలోజన్ దీపాలు పట్టుకు దగ్గరగా వద్దు, ఎల్ఈడీలు చాలు. వేడుకయ్యాక రాత్రంతా నీడలో గాలికి ఆరనిచ్చి, పాత మడత మీద కాకుండా వేరేచోట మడిచి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. పొందూరు ఖద్దరుతో కిటికీ తెరలు కుట్టించుకునేవారు గుడ్డను కత్తిరించకముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. కుట్టాక తడిస్తే కురచవుతుంది.

మావిడాకులు లేతవి కాకుండా ముదురుపచ్చవి, తెల్లవారుజామున కోసినవి తేవాలి. లేతాకు పూటలో వాలిపోతుంది. మూడున్నర అడుగుల గుమ్మానికి రెండంగుళాల ఎడంతో 21 ఆకులు పడతాయి. బంతిపూలు అంగుళానికొకటి గుచ్చితే మూరకు 18. మూరలు లెక్కకట్టి, నలిగినవాటికి పదోవంతు కలుపుకుని తెచ్చుకోండి. గుచ్చిన దండలను ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచితే లోపల వేడెక్కి రాత్రికే నల్లబడతాయి. వెదురు గంపలో తడిగుడ్డ కప్పి పెట్టాలి. గుమ్మానికి కట్టే అరటి బోదెల కింద గోనె పరచండి. బోదె కోసినచోట కారే జిగురు గోడకైనా గుడ్డకైనా తగిలితే గోధుమరంగు మరకై నిలిచిపోతుంది.

నలుగు పెట్టే చోట వెనక గోడకు చాప కట్టండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి ఎరుపు అదే కదా. కొత్తగా వెల్ల వేసిన గోడ మీద పసుపునీళ్లు చిందితే రక్తం మరకలా ఎర్రగా తేలుతుంది. ఎండ తగిలే గోడైతే కొన్నాళ్లకు వెలిసిపోతుంది, నీడ గోడైతే మళ్లీ వెల్ల వేయించాల్సిందే.

అన్నింటికంటే ఎక్కువ నష్టం గృహప్రవేశాల దగ్గర జరుగుతోంది. ముహూర్తం ముందు పెట్టేసుకుని, ప్లాస్టింగు అయిన వారానికే లప్పం పట్టించి ఎమల్షన్ రంగు వేయించమంటున్నారు. ప్లాస్టింగును కనీసం ఏడు రోజులు తడపాలి. లప్పానికి ముందు మొత్తం 28 రోజులైనా గడవాలి. లోపలి తడి ఆరకముందే పైన రంగు పొర మూసేస్తే, ఆ తడి బయటకు రావడానికి రంగును తోసుకుంటుంది. ముందు పొక్కులు లేస్తాయి, తర్వాత ఉప్పు తేలుతుంది, వానాకాలానికి పెచ్చులు రాలతాయి. అప్పుడు రంగు కంపెనీని తిట్టి లాభం లేదు. పరీక్ష తేలిక: రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక పగలూ రాత్రీ ఉంచండి. తీసి చూస్తే లోపలివైపు నీటి చెమట కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు.

ముహూర్తం తప్పనిసరైతే ఆ రోజుకు సున్నంతో వెల్ల వేయించండి. వెల్ల గోడలోని తడిని ఆవిరిగా బయటకు పోనిస్తుంది. కిలో కాల్చిన సున్నానికి ఐదు లీటర్ల నీళ్ల లెక్కన, నీళ్లలోకే సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి. కుతకుత ఉడుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు, ఇనుప డ్రమ్ము వాడాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. ఒక రోజంతా ఊరనిచ్చి గుడ్డలో వడగట్టి, పది లీటర్లకు 40 గ్రాముల తుమ్మజిగురు వేడినీళ్లలో కరిగించి కలపాలి. గోడను తడిపి, పలచగా మూడుసార్లు వేయాలి. ఒక పొర నిలువుగా, ఆరాక మరొకటి అడ్డంగా. వేసేటప్పుడు తడి వెల్ల నీళ్లలా కనిపించి గోడ కప్పుకోలేదనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఆ సంగతి తెలియక చిక్కగా పూసేస్తారు. అదే ఆనుకుంటే చొక్కాకు అంటే వెల్ల. తర్వాత ఎమల్షన్ వేయించదలిస్తే ఈ వెల్లను ప్లాస్టింగు దాకా గీకించాలి. సున్నపు పొడి మీద వేసిన రంగు పొరలు పొరలుగా లేచిపోతుంది. గీకే కూలి ముందే లెక్కలో ఉంచుకోండి.

వేడుకలకు కొన్న వస్తువులు ఇంట్లో నిలిచేవి కూడా ఉంటాయి. బుడితి ఇత్తడి చెంబులు, కుండీలు చింతపండూ ఉప్పూ పెట్టి తోమి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. చింతపండు పట్టించి వదిలేస్తే మచ్చలు పడతాయి. దీపాలు పెట్టని కుండీలకు కొబ్బరినూనె పలచగా రాస్తే ఉప్పుగాలికి త్వరగా నల్లబడవు. మెరుపు పూత వేసి అమ్మేవాటికి చింతపండు తగలనివ్వకండి. బొబ్బిలి వీణను గోడకు ఆనించి దాని మీద ఫోకస్ లైటు వేస్తున్నారు. వీణ మెట్లు, అంటే తీగల కింద ఉండే లోహపు పట్టీలు, నిలిచేది మైనం మీద. వేడికి మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. ఫొటోలు బయటి వాన కొట్టే గోడకు వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు అంటించి గాలికి సందు ఇవ్వండి. ఫ్రేము మధ్యభాగం నేల నుంచి ఐదడుగుల ఎత్తున ఉంటే చూపుకు సరిపోతుంది.

షష్టిపూర్తికి 60 దీపాలు వెలిగించేవారు ఇసుక పరిచిన పళ్లెంలో, వేలాడే గుడ్డకు మూడడుగుల దూరంలో పెట్టాలి. ఆ రోజు నేల మీద జారే చాపలు, గుమ్మానికి అడ్డంగా వైర్లు ఉండకూడదు, వచ్చే బంధువుల్లో పెద్దవాళ్లే ఎక్కువ. 6 ఆంపియర్ల సాకెట్టు మోసేది సుమారు 1300 వాట్లు మాత్రమే. వెయ్యి వాట్ల హాలోజనూ మైకుసెట్టూ ఒకే ఎక్స్‌టెన్షన్‌కు తగిలించవద్దు. ఇనుప గొట్టాల పందిరికి సీరియల్ లైట్లు చుట్టేటప్పుడు అతుకులు గొట్టానికి తగలకూడదు, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి.

దండలు విప్పేటప్పుడు లాగకండి, కొక్కెం దగ్గర దారం కత్తిరించండి. పూలూ ఆకులూ మొక్కల మొదట్లోకి, దారం చెత్తబుట్టలోకి. ఇప్పటికే గోడకు రెండువైపుల టేపు అంటించి ఉంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో వేడిచేసి, గోడకు సమాంతరంగా కిందికి మెల్లగా లాగితే రంగు చాలావరకు నిలుస్తుంది.

— శుభకార్యాల అలంకరణ, రంగులు, వడ్రంగం పనివాళ్లం, శ్రీకాకుళం