లెన్సు కొనే ముందు

పద్మారావునగర్,
సికింద్రాబాద్.

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన చార్మినార్ ఫొటోలన్నీ కంప్యూటరు తెర మీద పెద్దవి చేసి చూశాను. వాటిలో ఏదో వెలితిగా ఉందనీ, కొత్త లెన్సు కొంటే బాగుపడతాయా అనీ అడిగావు. కొనవచ్చు, ఆ సంగతి నాన్నగారితో నేను మాట్లాడతాను. అయితే ఏ లెన్సు కొనాలో తేల్చుకోవడానికి ఇప్పుడు నీ దగ్గరున్న 18–55 జూమ్ లెన్సే చాలు. నీ ఫొటోల వివరాలు చూస్తే ఒకదానికీ మరొకదానికీ మధ్య జూము, అపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) అన్నీ ఒక్కసారే మారిపోయి ఉన్నాయి; అందువల్ల ఏ ఫొటో బాగుందో నీకు తెలిసింది కానీ ఎందుకు బాగుందో తెలియలేదు. లోలకంతో ప్రయోగం చేసేటప్పుడు తీగ పొడవు మారుస్తూ గుండును కూడా మార్చవు కదా, ఇక్కడా అంతే. ఒకసారికి ఒక్కదాన్నే మార్చు.

మొదట ఫోకల్ లెంగ్త్‌తో, అంటే జూము మీద 18, 55 అని మిల్లీమీటర్లలో కనిపించే అంకెతో, ప్రారంభించు. తోపుడుబళ్లు రాకముందే, తెల్లవారుతుండగా ఒక స్నేహితుణ్ణి తీసుకుని గుల్జార్ హౌజ్ వైపు వెళ్లి, అతణ్ణి చార్మినార్‌కు వీపు పెట్టి నిలబెట్టు. జూమును 18 మి.మీ. దగ్గర ఉంచి, సుమారు ఒకటిన్నర మీటరు దూరం నుంచి ఒక ఫొటో తియ్యి. తరువాత 55కు మార్చి, అతను ఫ్రేములో మొదటి ఫొటోలో ఉన్నంతే కనిపించేవరకు వెనక్కి నడువు. నాలుగున్నర మీటర్ల దగ్గర ఆగుతావు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే స్నేహితుడి పరిమాణం మారలేదు, కానీ అతని వెనుక చార్మినార్ దాదాపు మూడు రెట్లు పెరిగి కనిపిస్తుంది. ఇది జూము చేసిన పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీ అడుగులు చేసిన పని. నువ్వు వెనక్కి నడిచినప్పుడు స్నేహితుడి దూరం మూడింతలైంది, ఎప్పుడూ దూరంగానే ఉన్న చార్మినార్ దూరంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. నువ్వు నిలబడిన చోటు వస్తువుల మధ్య పొందికను నిర్ణయిస్తుంది, అందులో ఎంత భాగం ఫ్రేములోకి రావాలో ఫోకల్ లెంగ్త్ నిర్ణయిస్తుంది. ఒక్కచోటే నిలబడి జూము తిప్పుతూ తీసిన నీ ఫొటోల్లో జీవం లేకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. మరీ దగ్గరగా తీసిన ముఖాల్లో ముక్కు పెద్దదిగా కనబడడం కూడా దూరం వల్ల వచ్చేదే.

తరువాత లాడ్ బజార్‌కు వెళ్లు. లక్క గాజుల వరుసలో ఒక్క గాజు మీద ఫోకస్ ఉంచి, అపర్చరును 5.6, 8, 11, 16గా మారుస్తూ తియ్యి. ఫోకల్ లెంగ్త్‌ను లెన్సు రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె కనుక, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, ఒక్కొక్క మెట్టుకు వెలుతురు సగానికి తగ్గుతుంది, ముందూ వెనుకా ఉన్న గాజులు క్రమంగా స్పష్టమవుతాయి. అయితే 16 దగ్గర తీసినదాన్ని పెద్దది చేసి చూడు, ఫోకస్‌లో ఉన్న గాజు కూడా కొంచెం మెత్తబడి ఉంటుంది. నువ్వు ఇంటర్‌లో చదువుకున్న వివర్తనమే, అంటే సన్నటి రంధ్రం దాటేటప్పుడు వెలుతురు పక్కలకు విస్తరించడమే, దానికి కారణం.

ఆ బజారులో రాత్రిపూట ఇంకొక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం ఎల్‌ఈడీ దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరు తెరుచుకుని ఉండే సమయం, అంటే షట్టరు వేగం, 1/500 సెకను వంటిది పెడితే ఫొటోకు అడ్డంగా నల్లటి చారలు పడవచ్చు. 1/100 లేదా 1/50 పెట్టి చూడు, చారలు పోతాయి.

చౌమహల్లా ప్యాలెస్‌లో నీ ఫొటోలు బూడిదరంగులో వచ్చింది లెన్సు వల్ల కాదు. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదాన్ని మధ్యస్థపు బూడిదరంగుగా భావించి వెలుతురును లెక్కిస్తుంది. తెల్లటి గోడ ఫ్రేమంతా నిండినప్పుడు దానిని కూడా బూడిదరంగుకు దించుతుంది. మీటరు లెక్కను మనం సరిచేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 దగ్గర పెడితే తెలుపు తెలుపుగా వస్తుంది.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఇదే నగరాన్ని గాజు పలకల మీద తీశారు. ఆయన స్టూడియో మన సికింద్రాబాదులోనే ఉండేది. తీసినదెలా వచ్చిందో అక్కడికక్కడే చూసుకునే వీలు ఆయనకు లేదు, పలకను డెవలప్ చేసిన తరువాతే తెలిసేది. నీకు తెర మీద వెంటనే కనిపిస్తుంది, సెట్టింగులు కూడా ప్రతి ఫొటోతోపాటు నమోదవుతాయి. ఇంత సౌకర్యం ఉన్నప్పుడు ఆ వివరాలు తెరిచి చదవకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక లెన్సు సంగతి. నీకు నచ్చిన ఫొటోలను ఏరి, ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువసార్లు వచ్చిందో చూడు. గోడకు ఆనుకుని 18లో తీసినవే ఎక్కువైతే నీకు ఇంకా వెడల్పు లెన్సు అవసరం. 55లో తీసి కత్తిరించినవే ఎక్కువైతే దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు కావాలి, కానీ చిన్న సెన్సరున్న నీ కెమెరాతో 200 మి.మీ. దగ్గర చేతి వణుకు కనపడకుండా ఉండాలంటే షట్టరు వేగం 1/300కు తగ్గకూడదు. లెన్సులో వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే కొంత వెసులుబాటు దొరుకుతుంది. అలా కాక, 50 ప్రాంతంలో చీకట్లో తీసినవే ఎక్కువైతే అపర్చరు 1.8 వరకు తెరుచుకునే 50 మి.మీ. లెన్సు కొను. 5.6తో పోలిస్తే అది తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది కనుక, ఐఎస్ఓ 3200 పెట్టవలసిన చోట 400తోనే పని జరుగుతుంది.

మీ బాబాయి దగ్గర ఆ లెన్సు ఉంది, ఆయన కెమెరా కూడా నీ కంపెనీదే కాబట్టి లెన్సు బిగించే మౌంటు సరిపోతుంది. నేను అడిగాను, ఇస్తానన్నారు. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకువెళ్లి, సాయంత్రం లాడ్ బజార్‌లో అదే దుకాణం ముందు, అదే గాజుల వరుసను రెండు లెన్సులతోనూ తీసి నాకు పంపు. కొనే విషయం వాటిని చూసి నిర్ణయిద్దాం.

ఆశీస్సులతో,
అమ్మ